ఓడలోకి దిగే పిల్ల

బాగున్న ఓడను కావాలని ముంచుతారని నాకు మొదట చెప్పింది మా నిస్సీ. నేను నమ్మలేదు.

పోయిన ఏడు మట్టల ఆదివారం నాడు గుడి నుంచి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా అరుగు మీద చేరగిలబడ్డాను. అప్పుడు ఫోన్ చేసింది. మా వైపు నాయన తల్లిని జేజి అంటారు. "జేజీ, వీడియో పంపిచ్చినా చూడు" అంది. ఆ ఫోన్లో పచ్చ గుండ్రం, ఎర్ర గుండ్రం నొక్కడం తప్ప నాకు ఇంకేమీ రాదు. పక్కింటి జీవమ్మ వచ్చి తెరిచి పెట్టింది.

అంతా నీలం నీళ్ళు. ఆ నీళ్ళ అడుగున ఓడ. మా గుడి, గుడి పక్కన బడి, రెండూ ఒకదాని వెనక ఒకటి పడుకోబెట్టినా దాని పొడవుకు చాలవు. ఇనుము కనబడనంతగా నాచు పట్టింది. చుట్టూ చేపలు. కళ్ళంలో చేట ఎత్తి వొడ్లు తూర్పారబడితే పొట్టు ఎలా లేస్తుందో అలా లేస్తున్నాయి. మా పిల్ల వీపుకు గాలి సిలిండరు కట్టుకుని, పాదాలకు బాతు కాళ్ళలాంటివి తొడుక్కుని, ఆ ఓడకు తలుపు లేని ఒక గుమ్మం దగ్గర తేలుతూ నాకు చెయ్యి ఊపింది. ఊపి, ఆ చీకటి గుమ్మంలోకి దూరిపోయింది. వీడియో అక్కడికి అయిపోయింది.

"మళ్ళా బయటికొచ్చేది ఏదే?" అన్నాను.

"అంతే పంపిచ్చిందక్కా" అంది జీవమ్మ.

తిరిగి నిస్సీకే ఫోన్ చేయించాను.

"ఆ ఓడ ఏం తప్పు చేసిందని ముంచినారు పాపా?"

"అది ముసలి ఓడ జేజీ. కడిగి, నూనెంతా తుడిచి, తలుపులు పీకేసి ముంచినారు. చేపలకు ఇల్లు. ఆ పక్కంతా వట్టి ఇసక. చేప నిలబడేదానికి నీడ లేకుండె. ఇప్పుడు చూడు ఎట్లుండాదో."

"చేపలకు ఇల్లు చూపిచ్చేదానికి నువ్వే దొరికినావా?"

"చేపలకు కాదు జేజీ, మనుషులకు. దిగి చూస్తామని వచ్చేవాళ్ళను తోడుకపోయి చూపిచ్చి, భద్రంగా పైకి తెచ్చేది నా పని."

"మంచి శుక్రవారానికి వస్తావు గదా?"

"యాడొస్తా. సముద్రం ఇప్పుడే తేటగా ఉండాది. మాకు ఇదే సుగ్గి, పనులెక్కువ. దినానికి మూడు మాట్లు దిగుతాండా."

మా ఊరు ఎర్రగుంట్ల పక్కన, నాపరాతి గనుల నడుమ. తాగే నీళ్ళు ట్యాంకరులో వస్తాయి కానీ, రాయి తీసి వదిలేసిన గుంతల్లో అరవై అడుగుల లోతు నీళ్ళు నిలిచి ఉంటాయి. తల్లి పోయిన ఆరేళ్ళ పిల్లను, నడుముకు ఎండు సొరకాయ కట్టి ఆ గుంతలో దింపింది నేనే. తాడు కొస పట్టుకుని గట్టు మీద కూర్చునేదాన్ని. మునిగిందా, లాగేదాన్ని. ఇప్పుడు పిల్ల ఎక్కడో తమిళం మాట్లాడే సముద్రంలో ఉంది. నా చేతిలో తాడు లేదు. ఆ చీకటి గుమ్మం మాత్రం కళ్ళు మూసినా తెరిచినా కనబడుతూనే ఉంది.

"ఒంట్లో బాగలేదని చెప్పు, రెక్కలు కట్టుకోని వస్తాది" అంది జీవమ్మ.

"బాగలేదంటే మాత్రేసుకో అంటాది."

"అట్లయితే బాగలేదనాకు. పోతాండానని చెప్పు."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ పని నవ్వుకుంటూనే చేశాం.

సోమవారం పొద్దున మంచం పట్టి, మా పాస్టరు గారి భార్య ప్రసన్నకుమారికి కబురు పెట్టాను. మెత్తటి మనిషి. వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టింది. "ఎద మీద బండ పెట్టినట్టుండాది తల్లీ. ఈ దినం దాటేట్టు లేదు. మా పాపను ఒకసారి చూస్తే చాలు" అన్నాను. ఆమె కళ్ళ నీళ్ళు పెట్టుకుని, సంఘానికంతటికీ ఫోన్లో ఉన్న ప్రార్థన గుంపులో రాసింది: విశ్వాసమ్మగారు ఆఖరి ఘడియల్లో ఉన్నారు, అందరూ ప్రార్థించండి అని. ఆ గుంపులో నిస్సీ కూడా ఉంది.

అరగంటలో ఇల్లు నిండిపోయింది. నా కొడుకు ఏసుకుమార్ బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ నుంచి ఒళ్ళంతా రాతిపిండితో ఉరికి వచ్చాడు. కనురెప్పలు కూడా తెల్లగా ఉన్నాయి. వాడిని చూసినప్పుడైనా లేవాల్సింది. అంతమంది మోకరించి ప్రార్థన చేస్తుంటే లేవడానికి మొహం చెల్లలేదు. కళ్ళు మూసుకున్నాను. చెప్పుకుంటే సిగ్గు, కాసేపటికి నిజంగానే నిద్ర పట్టింది.

మంగళవారం పొద్దెక్కాక వాకిట్లో ఆటో ఆగింది. లేచి కూర్చున్నాను.

"జేజి ఉండాదా నాయనా?" అని నిస్సీ గొంతు.

"ఉండాది పాపా. ఇప్పుడే లేచి కూచునింది."

పిల్ల నవ్విన శబ్దం, వెంటనే ఏడ్చిన శబ్దం. ఆటోలో నుంచి ఒక కాలు కింద పెట్టింది. ఆ కాలు నిలవలేదు. మనిషంతా వచ్చి నేల మీద పడింది. నేను మంచం దిగి ఉరికాను. చావు మంచం మీది ముసలిది గడప దాటి వాకిట్లోకి పరుగెత్తితే, చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కరూ అనుమానపడలేదు. చేతులు పైకెత్తి స్తోత్రం అన్నారు.

నిస్సీకి నడుము కింద స్పర్శ లేదు.

జీవమ్మ ఆముదం కాచి తెచ్చింది. ఎవరో పక్షవాతానికి పసరు తెచ్చి పోశారు. మరునాడు కడపకు తీసుకుపోతే, వెన్నులో ఏదో ఉందేమోనని ఫోటోలు తీశారు. ఆ లోపల పండుగ సెలవులు వచ్చి పడ్డాయి. నిస్సీ ఎవరు ఏం చేసినా చేయించుకుంది. ఒక్క మాట మాట్లాడలేదు. మాటిమాటికీ నా వైపు చూసి, "సంగటి తిన్యావా జేజీ?" అని మాత్రం అడిగేది.

శుక్రవారం నాడు నిస్సీ పని చేసే చోటి యజమాని వీరభద్ర ఫోన్ చేశాడు. మా వాడు సంగతి చెప్పగానే అటునుంచి ఆయన గొంతు నాక్కూడా వినబడింది.

"మూడు దినాలా? మూడు దినాలు ఏం చేసినారప్పా? ఆ పాపకు తెలుసే ఇదేందో. చెప్పలేదా? ఎత్తుకోని చెన్నైకి తోడుకరాండి, ఇప్పుడే. రాజంపేట మీద రాండి. కొండెక్కే దారిలో మాత్రం రావాకండి."

చెన్నైలో ఒక ఇనుప గది. గ్యాసు ట్యాంకరు లాగా గుండ్రంగా ఉంటుంది, పక్కన చిన్న అద్దం. రోజుకు ఐదు గంటలు పిల్లను అందులో పెట్టి గాలి బిగించేవారు. అద్దంలో నుంచి చూస్తే పాదాలు మాత్రం కనబడేవి. అక్కడి డాక్టరు తెలుగాయన. నాకు అర్థమయ్యేలా చెప్పాడు.

"సోడా సీసా మూత మెల్లగా తీస్తే ఏమీ కాదమ్మా. టక్కున తీస్తే బుస్సున పొంగుతుంది గదా. లోతు నీళ్ళలో గాలి పీల్చిన మనిషి రక్తం కూడా అంతే. మెల్లగా పైకి రావాలి, వచ్చాక ఒక దినమన్నా కదలకుండా ఉండాలి. సోమవారం నాడు ఎవరో కొత్తమనిషి ఓడలో భయపడి పైకి దూసుకొస్తే, పట్టుకోవడానికి ఈ పిల్లా దూసుకొచ్చిందంట. అప్పటికే భుజం నొప్పి ఉందంట. ఒడ్డున పడుకోబెట్టి ఆక్సిజన్ ఇచ్చి ఉంటే సరిపోయేది. ఎవరికీ చెప్పకుండా బస్సెక్కింది. ఆ బస్సు కొండలెక్కింది. ఎక్కేకొద్దీ పొంగు ఎక్కువైంది."

నేను ఆయన మెడలోని గుండె చూసే గొట్టం వైపు చూస్తూ నిలబడ్డాను.

పది రోజులకు ఎడమకాలి బొటనవేలు కదిలింది. పంపేటప్పుడు డాక్టరు, "మూడు నెలలు. రోజుకు ఆరు గంటలు కడ్డీలు పట్టుకుని నిలబడాలి, అడుగు వేయాలి. ఈ మూడు నెలల్లో ఎంత వస్తే అంతే, తర్వాత రాదు. నీళ్ళలోకి మాత్రం ఇక జన్మలో దిగకూడదు" అన్నాడు. చివరి మాటకు నిస్సీ తల ఊపింది. ముందు మాట విన్నట్టే లేదు.

మే నెల ఎండకు మా ఊళ్ళో బండలు పగులుతాయి. ఏసుకుమార్ పెరట్లో నాపబండలు నిలువుగా పాతి, వాటికి రెండు ఇనుప కడ్డీలు బిగించి, పైన కొట్టం వేశాడు. ఎర్రగుంట్ల నుంచి కసరత్తులు చేయించే ఆమె వారం రోజులు వచ్చింది. "పిల్ల కుర్చీలో నుంచి లేవందే నేనేం చెయ్యాలవ్వా?" అని మానేసింది. నేను బతిమాలాను. తిట్టాను. "చేస్తాలే జేజీ" అనేది. చేసేది కాదు. నా కళ్ళ ముందే ఆ పిల్ల కుడి పిక్క చిక్కి చిక్కి కర్రైంది.

మాటల్లోకి దింపితే లేస్తుందేమోనని ఒక మధ్యాహ్నం ఓడ సంగతి అడిగాను.

"తాడు పట్టుకోని దిగుతాం జేజీ. మొదట ఏమీ కనపడదు. ఉన్నట్టుండి కింద నల్లగా ఒక మేడ లేస్తాది. ఓడ నడిపేటాయన గదిలో మనిషంత చేప ఒకటి కాపురముండాది. కొత్తోళ్ళొస్తే మూలకు పోతాది. నేను పోతే ఎదురొస్తాది."

"దానికి నువ్వెట్ల తెలుస్తావే?"

"ఏమో. తెలుస్తాది." మోకాలి మీది బట్ట సరిచేసుకుంది. "ఇప్పుడు ఎవరు పోతాండారో దాని కాడికి."

"అంత ఆశ ఉండేదానివి, లేసి నిలబడేదానికి ఏమొచ్చింది పాపా? ఆ డాక్టరు చెప్పినాడు, నీకు మొదటి దినమే తెలుసని. ఎందుకు చెప్పకపోతివి?"

వీధి వైపు చూసింది. ఎవరూ లేరు.

"గువ్వలచెరువు ఘాట్లో పాలకోవ అంగళ్ళ కాడ బస్సు నిలిపినారు. తెల్లారతాంది. దిగుదామని లేస్తే కాళ్ళు తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు. నాకర్థమయిపాయ. ఆడ్నే దిగి వీరభద్ర సారుకు ఒక్క ఫోన్ చేస్తే బండి పంపిచ్చుండు. అప్పుడే మొక్కుకున్యా జేజీ. దేవా, నేను పోయేదాకా మా జేజిని ఉంచు, కావాలంటే నా కాళ్ళు తీసుకో అని."

నేను దాని కుర్చీకి దగ్గరగా జరిగాను.

"వాకిట్లోకి వస్తానే నువ్వు లేసి కూచున్యావని నాయన చెప్పినాడు. నేను పడితి, నువ్వు ఉరికొస్తివి. నా కండ్ల ముందరే జరిగింది గదా. ఇంక నేను ఆ కడ్డీలు పట్టుకోని లేస్తే ఇచ్చింది వెనక్కి తీసుకున్నట్టు గాదా? ఆయన కూడా వెనక్కి తీసుకుంటే?" అని నవ్వింది. "నాకేం బాధ లేదు జేజీ. నువ్వుండావు. చాలు."

అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. నోటి దాకా వచ్చిన ప్రతిసారీ, ఆ పిల్ల ముఖంలో ఉన్న ఒక్క నెమ్మదిని కూడా నా చేత్తో తీసేస్తున్నాననిపించేది. అది ఒక సాకు. అసలు భయం వేరే. ఆ పిల్ల నన్ను చూసే చూపు పోతుందని భయం. రోజు మీద రోజు గడిపాను. పదిహేను రోజులు గడిపాను. ఆ లెక్క నాకు బాగా తెలుసు, ఎందుకంటే డాక్టరు ఇచ్చిన మూడు నెలల్లోంచే ఆ రోజులు పోయాయి.

మా సంఘంలో జబ్బు నుంచి లేచినవాళ్ళు ఆదివారం ఆరాధనలో నిలబడి సాక్ష్యం చెప్పాలి. ప్రతి వారం ప్రసన్నకుమారి అడిగేది: "ఈ వారమన్నా చెప్తావా అత్తా? అందరూ కాచుకోనుండారు." వచ్చే వారం, వచ్చే వారం అంటూ వచ్చాను. జూన్ నెల ఆఖరి ఆదివారానికి, పాస్టరు గారు తానే నా పేరు చదువుతానని కబురు చేశారు.

ఆ పొద్దున తలంటుకుని నిస్సీ కుర్చీ ముందు నేల మీద కూర్చున్నాను. నా తల దువ్వడం ఆ పిల్లకు ఇష్టం. వీపు దాని వైపు ఉంది. ముఖం గోడ వైపు ఉంది. ముఖంలో ముఖం పెట్టి ఉంటే ఆ రోజు కూడా చెప్పి ఉండేదాన్ని కాదు.

"పాపా, ఆ పొద్దు నాకేం కాలేదు."

దువ్వెన నడుస్తూనే ఉంది.

"ఎద నొప్పి లేదు, ఏం లేదు. నువ్వు పండక్కి రానంటివని అట్ల చెప్పిచ్చినా. రెండు ముద్దలు సంగటి తినే పండుకున్యా. నేను పోయేదీ లేదు, ఆయన నన్ను ఉంచిందీ లేదు. నీ కాళ్ళు ఎవరూ అడగలేదు పాపా."

దువ్వెన ఆగింది. బయట ఎవరి ఇంట్లోనో నీళ్ళ బిందె గచ్చు మీద పెట్టిన చప్పుడు. తర్వాత దువ్వెన మళ్ళీ కదిలింది. పాయ తీసింది, ముడి చుట్టింది, పిన్ను పెట్టింది.

"పో. గంట కొట్టినారు" అంది.

గుడిలో నా పేరు చదివారు. లేచాను. అక్కడ తడుముకోలేదు. "నాకు ఏ జబ్బూ లేదు. మీ అందరి చేతా అబద్ధానికి ప్రార్థన చేపిచ్చినా. దాన్ని నమ్మి వచ్చి నా మనమరాలు ఇట్లయింది" అని కూర్చున్నాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. పాస్టరు గారు కాసేపటికి ఒక పాట నంబరు చెప్పారు. ఎవరూ ఎత్తుకోలేదు. మళ్ళీ ఆయనే ఎత్తుకున్నారు.

బయట ప్రసన్నకుమారి నా పక్కనే నడిచింది. "నా చేత్తో రాపిచ్చినావు గదత్తా" అంది.

ఇంటికి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. పెరట్లో కడ్డీల మధ్య నిస్సీ బోర్లా పడి ఉంది. మోచేయి చీరుకుని నెత్తురు కారుతోంది. కడ్డీని అందుకోవాలని చెయ్యి చాస్తోంది. నేను పరుగున వెళ్ళాను.

"ముట్టుకోవాకు" అంది.

నాతో మాట్లాడడం ఆ మాటతో ఆపేసింది.

గుడిలో సంగతి ఏసుకుమార్‌కు దారిలోనే తెలిసింది. వచ్చి కొళాయి కింద చేతులు చాలాసేపు కడుక్కున్నాడు. "ఆ మాట పోయిన నెలలో చెప్పినా బాగుండె గదమ్మా" అన్నాడు. గట్టిగా అనలేదు. గట్టిగా అన్నా బాగుండేది.

ఇక ఆ కడ్డీల చప్పుడు ఆగలేదు. తెల్లవారకముందే మొదలయ్యేది. పడేది, లేచేది. పళ్ళు బిగించి ఏదో అనుకుంటూ లేచేది. అది నన్ను తిట్టే తిట్టని నాకు తెలుసు. పొయ్యి దగ్గర కూర్చుని వినేదాన్ని. ఎంత తిడితే అంతసేపు నిలబడగలిగేది. నేను పెట్టిన కంచం ముట్టేది కాదు. అదే సంగటి వాళ్ళ నాయన చేతికిస్తే తినేది. తల నేనే దువ్వుకునేదాన్ని.

గడువు అయిపోయాక చూసిన డాక్టరు, ఎడమకాలు బాగా వచ్చిందన్నాడు. కుడికాలికి ఆలస్యమైందన్నాడు. ముందే మొదలుపెట్టి ఉంటే వచ్చేదా అని ఏసుకుమార్ అడిగాడు. ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

ఆగస్టులో వీరభద్ర ఫోన్ చేశాడు. పడవ మీద మనిషి కావాలన్నాడు. దిగేవాళ్ళకు సిలిండర్లు కట్టాలి, గడియారం చూసి ఎవరు ఎప్పుడు పైకి రావాలో చూసుకోవాలి. నిస్సీ వస్తానంది. ఆ ఓడ మీద తేలుతూ, దిగకుండా, దిగేవాళ్ళను చూస్తూ కూర్చోవడానికి వస్తానంది.

పోయే రోజు నాకు చెప్పలేదు. వాళ్ళ నాయన బండి మీద ఎర్రగుంట్లకు పోయింది. నేను వెనకే షేర్ ఆటోలో పోయాను. బస్టాండులో చేతికర్ర మీద ఆనుకుని నిలబడి ఉంది. నన్ను చూసి కూడా పక్కకు తిరగలేదు. తిరుపతి బస్సు వచ్చింది, రాజంపేట మీద పోయేది. ఏసుకుమార్ సంచి తీసుకుని ముందు ఎక్కాడు. అప్పుడు నా వైపు చూసింది.

"నువ్వు నిజంగా పోయేటప్పుడు ఎవరి చేతా నాకు ఫోన్ చేపిచ్చాకు. నేను నమ్మను."

"అట్లనే పాపా" అన్నాను.

ఇంకేదో అంటుందేమోనని ఆగాను. కర్రను చంకలో పెట్టుకుని కమ్మీ పట్టుకుంది. ఎడమకాలు మెట్టు మీద పెట్టింది. కుడికాలు మెట్టు అంచుకు తగిలి, జారి, కిందికి వేలాడింది. కండక్టరు చెయ్యి చాస్తే వద్దంది. నా చేతులు వాటంతట అవే ముందుకు పోయాయి. వెనక్కి తీసుకుని కొంగులో చుట్టేసుకున్నాను. నిస్సీ వంగి, మోకాలి దగ్గర ప్యాంటు గుడ్డ పిడికిట పట్టుకుని, ఆ కాలిని తనే ఎత్తి మెట్టు మీద పెట్టుకుంది.